మా ఇంటి లక్ష్మి కాలి కణుపు

మార్గశిర లక్ష్మివారాల్లో మా ఇంటి గుమ్మం నుంచి దేవుడి గది దాకా వేసే అమ్మవారి పాదాలకు, బొటనవేలి మొదట్లో, పక్కకి పొడుచుకొచ్చిన కణుపు ఒకటి ఉంటుంది. లక్ష్మీదేవి కాలు అలాగే ఉంటుందని నేను చాలా ఏళ్ళు నమ్మాను. హైస్కూల్లో ఉండగా ఒక ఒడియా స్నేహితురాలి ఇంటికి పూజకి వెళ్ళి, వాకిట్లో నున్నటి పాదాలు చూసి, "మీ అమ్మకి వెయ్యడం రాలేదు" అని మొహం మీదే చెప్పి వచ్చాను. ఆ పిల్ల చాలా రోజులు నాతో మాట్లాడలేదు.

ఒడిశాలోని మా బరంపురంలో మార్గశిరం వచ్చిందంటే ఒడియా వాళ్ళని లేదు, తెలుగు వాళ్ళని లేదు, ప్రతి గురువారం, మాకు లక్ష్మివారం, ఇంటింటా ఒకటే సందడి. బియ్యం నానబెట్టి రుబ్బి, ఆ పల్చటి పిండితో నేల మీద ఝొటి వేస్తారు. ఝొటి అంటే చేతివేళ్ళతో గీసే తెల్లటి ముగ్గు. వరికంకులు, తామరపూలు, వాటి మధ్య లోపలికి నడిచి వస్తున్నట్టు అమ్మవారి చిన్న చిన్న పాదాలు. కొలత గిన్నె నిండా కొత్త వడ్లు పోసి దాన్నే అమ్మవారనుకుని కూర్చోబెడతారు. మా ఇంట్లోనూ ఇవన్నీ ఉంటాయి. పాదాలు మాత్రం మేము గీయం, అచ్చు వేస్తాం. ఇంటికి పెద్ద ఆడది పళ్ళెంలో పిండి పోసుకుని, అందులో కుడికాలు ముంచి, గుమ్మం నుంచి లోపలికి ఒక్కో అచ్చే వేసుకుంటూ వస్తుంది. అంచేత మా లక్ష్మికి ఉన్నవన్నీ కుడికాళ్ళే.

ఇది మా నాయనమ్మ మొదలుపెట్టిన పని. శ్రీకాకుళం వైపు పల్లె నుంచి తాతతో కలిసి ఇక్కడి రైల్వే క్వార్టర్లకి కాపురానికి వచ్చిన కొత్తలో, పక్కింటి ఒడియా ఆవిడ పాదాలు ఎలా గీయాలో చూపించిందట. నాయనమ్మకి చుక్కలు పెట్టి గీతలు కలపడం తప్ప చేయి తిప్పి గీయడం రాదు. ఆవిడ గీసిన పాదాలు చూసి తాత, "అమ్మోరు రాలేదు గానీ బాతులొచ్చినాయి" అని నవ్వాడట. రోషం పొడుచుకొచ్చి ఆవిడ పిండి పళ్ళెంలో తన కాలే పెట్టేసింది. ఇంటి ఇల్లాలే లక్ష్మి అన్నప్పుడు ఇందులో తప్పేముంది అంది. ఆవిడ కుడికాలికి ఆ కణుపు ఉంది. అదీ అచ్చులో పడింది. ఆ ఏడే తాతకి ప్రమోషన్ వచ్చింది. ఇక ఎవరు మార్చగలరు?

నాయనమ్మ కాలు ఆవిడ కూతురికి వచ్చింది. ఆ కూతురే మా అత్తయ్య, నాయనమ్మ తర్వాత అచ్చులు వేసేది ఆవిడే. నాకు మేనత్త, ఆ తర్వాత అత్తగారు. అత్త కొడుకుని చేసుకున్నానంటే మా ఒడియా వాళ్ళు ఇప్పటికీ నోరు తెరుస్తారు. వాళ్ళలో అత్త కొడుకంటే అన్న వరసే. నాతో పనిచేసే నర్సు ఒకామె, ఇన్నేళ్ళ స్నేహం తర్వాత కూడా, మా ఆయన ఫోన్ వస్తే నా వైపు కొంచెం జాలిగా చూస్తుంది. ఈ మేనరికం వల్ల ఆ కణుపు గడప దాటి పోకుండా ఇంట్లోనే తిరుగుతోంది. అత్తయ్యకి ముదిరింది, నాకు మొలకెత్తింది. అత్తాకోడళ్ళకి పడదంటారు గానీ, మా ఇద్దరి చెప్పులూ ఒకే చోట తెగుతాయి.

నేను ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాను. ఆపరేషన్ గదిలో సీ-ఆర్మ్ అనే యంత్రం నడపడం కూడా నా పనే. అది ఇంగ్లీషు సీ అక్షరంలా వంగి, బల్ల మీద పడుకున్న మనిషికి పైనా కిందా ఉండి, లోపలి ఎముకని అప్పటికప్పుడు తెర మీద చూపిస్తుంది. ఈ పనిలో పడ్డాక నాకు మనుషుల మీద భయం పోయింది. వరండాలో అరిచి గోల చేసిన పెద్దమనిషి లోపలికి వచ్చి పలక మీద చెయ్యి పెడితే, అందరి చెయ్యిలాంటిదే చెయ్యి. నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా బావ, అంటే మా ఆయన, అంటాడు. మెత్తగా ఉంటే ఎవరైనా కదలకుండా పడుకుంటారా?

ఎముకలు చూసీ చూసీ ఆశ్చర్యపోవడం మానేశాననుకున్నాను. అది నా అహంకారం.

అత్తయ్య కుడికాలు గత నాలుగైదేళ్ళలో బాగా పాడైంది. బొటనవేలు పక్కకి ఒరిగి ఒరిగి, రెండో వేలి కిందకి దూరిపోయింది. కణుపు మీద చర్మం ఎర్రగా, పల్చగా అయిపోయి, చెప్పు తగిలితే చాలు ప్రాణం పోయేది. చెప్పుల పక్కన బ్లేడుతో కోసి తొడుక్కునేది. కూరల బజారుకి నడిచి వెళ్ళి, ప్రతి వంకాయనీ వేలితో నొక్కి చూసి, బేరం ఆడి, అమ్మేవాళ్ళ చేత దండాలు పెట్టించుకుని వచ్చే మనిషి. ముందు బజారు మానేసింది. తర్వాత గుడి. ఆ తర్వాత వీధి అరుగు మీదకి రావడం కూడా తగ్గించి, వంటింట్లో పీట మీద కూర్చుని అక్కడి నుంచి ఇక్కడికి జరుక్కుంటూ పని చేసుకునేది. అన్నం తింటూ తింటూ ఒకరోజు, ఎవరూ ఏమీ అడక్కుండానే, "నా పని అయిపోనాదే గుంటా" అంది. మా వైపు ఆడపిల్లని గుంటా అంటారు. నాకు యాభై దాటినా ఆవిడకి నేను గుంటనే. ఆ మాట అన్నప్పుడు ఆవిడ గొంతులో బాధ కూడా లేదు. నాకు అదే ఎక్కువ బాధేసింది.

విశాఖపట్నం నుంచి అప్పుడప్పుడు మా ఆసుపత్రికి వచ్చే ఎముకల డాక్టరు ఒకాయన ఈ కణుపుకి కొత్త పద్ధతిలో ఆపరేషన్ చేస్తాడు. పాత పద్ధతిలో పాదం పక్కన పొడుగ్గా కోసి తెరిచేవారు. ఈయన బియ్యపుగింజ పట్టేంత గాట్లు నాలుగైదు పెడతాడు, అంతే. లోపల ఏం జరుగుతోందో కంటికి కనపడదు కాబట్టి సీ-ఆర్మ్ తెర చూస్తూ చేస్తాడు. అంటే నన్ను చూస్తూ అన్నమాట, అని ఇంట్లో గొప్పలు చెప్పుకున్నాను. అలా రెండు మూడు ఆపరేషన్లలో యంత్రం నడిపాక, అత్తయ్య దగ్గర ఆ ఊసెత్తాను.

"మొక్కై ఒంగనిది మానై ఒంగుద్దేటే?" అంది.

"ఒంగినదాన్ని తిన్నగా సేయించమంటన్నాను అత్తా. నీకు సామెత కూడా తిరగబడిపోనాది."

నవ్వింది గానీ ఒప్పుకోలేదు. సూదంటే భయమా అంటే కాదంది. ముసలిదానికి ఎందుకంది. మా బావ చెప్పి చూశాడు. ఎవరెంత చెప్పినా వంటింటి పీట మీద నుంచి తల అడ్డంగా ఊపడమే. నేను విసిగిపోయి అరిచాను. అప్పుడు అసలు సంగతి బయటపడింది.

"ఇది నా ఒక్కదాని కాలు కాదే. ఇన్నేళ్ళ నుంచి అమ్మోరు మనింటికి ఈ కాలితో వత్తన్నాది. కోసి పారీసినాక ఏ కాలితో వత్తాది? ఎవల్దో కాలనుకుని గుమ్మంలోంచే ఎనక్కి ఎల్లిపోతే?"

ఆసుపత్రిలో రోజూ ఎన్నో సాకులు వింటాను. ఇలాంటిది వినలేదు. మొదట ఒళ్ళు మండింది. తర్వాత నోటికొచ్చింది అనేశాను.

"అయితే అత్తా, ఆ కణుపేసుకుని అమ్మోరు నడిసొత్తంటే ఆ తల్లికి నొప్పుండదేటి? మన గుమ్మం దాకా ఏటేటా కుంటుకుంటానే వత్తన్నాదన్నమాట. మనింటికే."

అత్తయ్య పీట మీద అటు తిరిగి కూర్చుంది. ఎక్కువ మాట్లాడేశానేమో అని భయపడ్డాను. మర్నాడు పొద్దున్న కాఫీ ఇస్తుంటే, "నువ్వన్నది నిజమేనే. నాకెప్పుడూ తట్టనేదు. ఆ తల్లిని కుంటించీసినాం" అంది. గ్లాసు పక్కన పెట్టి, "ఎముక కోసి ఎక్కడ పారీత్తారే?" అని అడిగింది.

ఏదీ పారేయరని చెప్పాను. ఇది చాలామందికి తెలియదు. ఆ కణుపు కొత్తగా మొలిచిన ఎముక కాదు. పాదంలో ఉండే ఎముకే బయటికి ఒరిగి, దాని తల చర్మాన్ని తోసుకుని వస్తుంది. దాన్ని అడ్డంగా కోసి, తలని లోపలికి జరిపి, కదలకుండా స్క్రూలు వేస్తారు. ఉన్నదే మళ్ళీ తన చోటుకి వెళ్తుంది. "అయితే సరే" అంది.

కార్తీకంలో ఆపరేషన్ అయింది. చీలమండ చుట్టూ సూదులు ఇచ్చి పాదం ఒక్కటే మొద్దుబార్చారు. మనిషి మెలకువగానే ఉంది. నర్సు ఆవిడ చెయ్యి పట్టుకుని ఒడియాలో "డొరొ నాహిఁ మాఉసి" అంటోంది, భయం లేదమ్మా అని. అత్తయ్య ఆమెకి తిరిగి ధైర్యం చెబుతోంది. నేను సీసపు ఆప్రాన్ తొడుక్కుని యంత్రం దగ్గర నిలబడ్డాను. ఎక్స్‌రే కోసం కాలితో నొక్కే పెడల్ ఒకటుంటుంది. నా మొలక కణుపు పాదం దాని మీద పెట్టాను. అంతమందికి నొక్కిన ఆ పెడల్ ఆ రోజు నొక్కేముందు ఒకటికి రెండుసార్లు సరిచూసుకున్నాను.

తెర మీద అత్తయ్య పాదం వచ్చింది.

ఎక్స్‌రేకి వచ్చినవాళ్ళ మొహాలు నాకు గుర్తుండవు, ఎముకలు గుర్తుంటాయి. కానీ ఇది నేను పుట్టినప్పటి నుంచి గుమ్మంలో చూస్తున్న అచ్చు. పిండిలో తెల్లగా పడేదే ఇప్పుడు తెర మీద తెల్లగా ఉంది. నాయనమ్మ పోయి చాలా కాలమైంది. ఆవిడకి ఎవరూ ఎక్స్‌రే తీయలేదు. అయినా ఆవిడ పాదం లోపల ఎలా ఉండేదో నేను ఆ క్షణాన చూస్తున్నాను. నా బూటు లోపల ఉన్నదీ అదే. పెడల్ మీద నుంచి కాలు తీయడం మర్చిపోతే డాక్టరు "చాలమ్మా" అన్నాడు.

ఆయన చిన్న గాటు పెట్టి, అందులోంచి సన్నటి మొన ఒకటి లోపలికి పంపాడు. దాని ఒంటి నిండా పళ్ళు. పళ్ళ డాక్టరు దగ్గర తిరిగేదానిలాంటిదే గానీ చాలా నెమ్మదిగా తిరుగుతుంది. ఎముక కాలిపోకుండా పైనుంచి ఒకరు చల్లటి సెలైన్ పోస్తూ ఉంటారు. డాక్టరు పాదం వైపు చూడటం లేదు. తల ఎత్తి తెర చూస్తున్నాడు. చేతులు మాత్రం కింద, గుడ్డల మధ్య, వాటంతటవి తెలిసినట్టు తిరుగుతున్నాయి. గాటులోంచి తడిసిన ఎముక పొడి తెల్లగా, రుబ్బిన పిండిలా బయటికి వచ్చింది. నర్సు తుడిచేసింది. రక్తం కంటే అదే ఎక్కువ.

"నాకు కనపడదేటి?" అంది అత్తయ్య అడ్డుగుడ్డ వెనక నుంచి. ఆవిడ మొహానికీ కాలికీ మధ్య పచ్చ గుడ్డ కట్టారు.

"చూస్తారా అమ్మగారూ? భయపడరు కదా?" అన్నాడు డాక్టరు.

"నా కాలికి నాను భయపడతానేటి బాబూ?"

తెర ఆవిడ వైపు తిప్పాను. ఆవిడ కళ్ళజోడు లేదు. నర్సు తెచ్చి పెట్టింది. అప్పుడే డాక్టరు కోసిన ఎముక తలని తన చేతి బొటనవేలితో లోపలికి తోశాడు. నేను పెడల్ నొక్కాను. ఎన్నో ఏళ్ళు బయటికి ఒరిగి నిలబడ్డ ఆ తల, బిగుసుకుపోయిన సొరుగు ఒక్కసారిగా లోపలికి వెళ్ళినట్టు, జరిగి కూర్చుంది. కణుపు లేదు. ఎవరూ దేన్నీ తీసేయలేదు. ఉన్నట్టుండి లేదు.

నేను ఇంతకు ముందు కూడా చూశాను ఇది. కానీ అప్పుడు చూసింది పని.

"ఓలమ్మో" అంది అత్తయ్య. అంతే అంది. తర్వాత సన్నటి తీగలు, వాటి మీదుగా రెండు స్క్రూలు, వేలి ఎముకలో ఇంకో చిన్న గాటు, అక్కడ ఇంకో స్క్రూ. ఆవిడ కళ్ళార్పకుండా తెరనే చూస్తూ ఉంది. చివర బొటనవేలు మిగతా వేళ్ళ పక్కన తిన్నగా, బుద్ధిమంతురాల్లా నిలబడింది. డాక్టరు చేతి తొడుగులు తీసేస్తూ, "ఎలా ఉందమ్మా?" అన్నాడు. అత్తయ్య పడుకునే రెండు చేతులూ జోడించింది. ఆయనకో, తెరకో నాకు తెలియలేదు. ఆయన మాత్రం కొంచెం సిగ్గుపడ్డాడు.

సాయంత్రం ఆవిడ తన కాళ్ళమీదే నడిచి ఆటో ఎక్కింది. అడుగు గట్టిగా, అట్టలా ఉండే ప్రత్యేకమైన చెప్పు ఒకటి ఇచ్చారు. బరువంతా మడమ మీద వేసి నడవాలి. పొద్దున్న ఎముక కోశారు, సాయంత్రానికి నడిచింది. మా వీధిలో వాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి చూశారు. ఎదురింటి ఒడియా ముసలావిడ మంచం పట్టుకుని ఏడవడానికి సిద్ధమై వచ్చి, అత్తయ్య మెట్లెక్కడం చూసి ఏం చేయాలో తెలియక టీ పెట్టమంది.

అయితే ఇల్లు అలకగానే పండగ కాదు. వెళ్ళేముందు డాక్టరు నన్ను పక్కకి పిలిచి చెప్పాడు. స్క్రూలు పట్టుకుని ఉంచుతాయే తప్ప అతికించవు. అతుక్కోవలసింది ఎముక. అది ఈ వయసులో నెమ్మది, కొంతమందిలో అతుక్కోదు కూడా. మళ్ళీ ఎక్స్‌రే తీసి చూసేదాకా ఆ చెప్పు లేకుండా ఒక్క అడుగు కూడా వేయకూడదు. ముందు పాదం మీద బరువు పడి జారితే, ఆ సన్నటి ఎముకలో ఇంకోసారి స్క్రూ వేయడానికి చోటుండదు. ఇవన్నీ నాకు తెలుసు. జారిపోయిన వాటి ఎక్స్‌రేలు నేనే తీశాను. ఇంటికి వచ్చి అత్తయ్యకి వివరంగా చెప్పాను. "సరేనే, సెవిటిదాన్ని కాను" అంది.

మార్గశిరం వచ్చింది. మొదటి లక్ష్మివారం అచ్చులు నేను వేస్తానన్నాను. నా కాలికీ ఆ గుర్తు ఉంది కదా, సరిపోతుందనుకున్నాను. అత్తయ్య ఒప్పుకోలేదు. పెద్దది బతికుండగా చిన్నది అడుగెడితే అమ్మవారు తికమకపడుతుందట. అంచేత ఆ ఏడు చేత్తోనే పాదాలు గీశాను. నాకు నాయనమ్మ చెయ్యే వచ్చింది, మళ్ళీ బాతులే వచ్చాయి. అత్తయ్య కాలు దిండు మీద ఎత్తిపెట్టుకుని, మంచం మీద నుంచి వాటిని చూస్తూ ఉండేది. ఏమీ అనేది కాదు. ఆవిడ ఏమీ అనకపోతే అనుమానించాలని నాకు ఇన్నేళ్ళకైనా తెలిసి ఉండాలి.

ఆఖరి లక్ష్మివారం నాటికి ఎక్స్‌రేకి ఇంకో వారం ఉంది. బావకి ఛత్రపురంలో ఉద్యోగం, పొద్దున్న బండికి వెళ్ళిపోయాడు. నేను స్నానం చేసి వచ్చేసరికి రుబ్బి పెట్టిన పిండి గిన్నె కనపడలేదు. ముందు గదిలోకి వచ్చాను.

గుమ్మం దగ్గర నుంచి అచ్చులు వరసగా ఉన్నాయి. పిండి ఇంకా ఆరలేదు. దేవుడి గది గడప దగ్గర అత్తయ్య నిలబడి ఉంది, గోడకి చెయ్యి ఆనించి, ఉత్త కాలితో. ఆ గట్టి చెప్పు మంచం కింద ఉంది.

ఏమని అరిచానో నాకు గుర్తు లేదు. ఎదురింటి ఆవిడ పరుగెత్తుకొచ్చిందంటే బాగానే అరిచి ఉంటాను. ఒక్కో అచ్చుకీ ఒళ్ళంతా ఆ వేళ్ళ మీద మోపి నొక్కితే తప్ప అంత నిండుగా పడదు. వేళ్ళ చివరలు కూడా పడ్డాయి.

"నొప్పి నేదే. ఒట్టు" అంది.

"నొప్పి నేకపోతే జారనేదనా? నీకేటి తెలుసు? డాక్టరు అంత సెప్పినాడు, నాను అంత సెప్పినాను. ఒక్క వారం ఆగనేకపోయినావు అత్తా!" కోపంతో ఏడుపొచ్చింది నాకు.

"వారం ఆగితే మార్గశిరం ఎల్లిపోద్ది కదే. ఆ తల్లికి తిన్నటి కాలొచ్చినాదని సెప్పకపోతే ఎలగ? ఏడాది పొడుగునా పాత కాలితోనే కుంటాల కదా."

కుంటించీసినాం అని ఆవిడ చేత అనిపించింది నేనే. కాలు కడుగుతుంటే పాదం మీద వాపు కనిపించింది. ఆపరేషన్ వాపో, ఇప్పటిదో తెలియదు. డాక్టరుకి ఫోన్ చేశాను. ఆయన "ముందు ఎక్స్‌రే తీసి పంపండి" అన్నాడు. ఆటో పిలిచి, తలుపు తాళం వేశాను. దారి పొడుగునా అత్తయ్యకి ఒకటే బెంగ, అమ్మవారిని లోపలికి పిలిచి తాళం వేసి వచ్చేశామని. మళ్ళీ ఆవిడ పీట మీద జరుక్కుంటూ తిరగడమే నా కళ్ళ ముందు ఆడుతోంది. ఈసారి ఎముక జారి ఉంటే అది చివరిదాకా అంతే. ఆ సంగతి ఆవిడకి తెలియదు, నాకు తెలుసు.

మా ఎక్స్‌రే గదికి ఇంకా ఎవరూ రాలేదు. ఆవిడని బల్ల మీద కూర్చోబెట్టి, పాదం పలక మీద పెట్టాను. వేళ్ళ సందుల్లో పిండి ఇంకా తెల్లగా అంటుకుని ఉంది. కదలొద్దని ఎవరితోనైనా గట్టిగా చెప్పేదాన్ని, ఆవిడతో చెప్పనేలేదు. చెప్పకుండానే ఆవిడ కదలకుండా ఉంది. అద్దం వెనక్కి వెళ్ళి బటన్ నొక్కాను. బొమ్మ తెర మీదకి వచ్చే ఆ కాసేపు నేను తల దించుకునే ఉన్నాను. పరాయి వాళ్ళ ఎముకలు ఎన్నో ధైర్యంగా చూశాను గానీ ఆ పూట నాకు ధైర్యం లేదు.

తల ఎత్తాను. స్క్రూలు మూడూ వేసిన చోటే ఉన్నాయి. ఎముక తల జరగలేదు. దగ్గరికి వంగి చూశాను. కోసిన చోట, ఆ రోజు నల్లటి ఖాళీ ఉండిన చోట, పల్చటి మబ్బు లాంటిది అల్లుకుని ఉంది. ఒక ఒడ్డు నుంచి ఇంకో ఒడ్డుకి. కొత్త ఎముక. చిన్నపిల్లలు చెట్టు మీద నుంచి పడి వస్తే కొన్నాళ్ళకి వాళ్ళ ఎక్స్‌రేల్లో దిట్టంగా కనిపిస్తుంది. ఈ వయసు మనిషిలో ఇంత నిండుగా చూస్తాననుకోలేదు. అచ్చులు వేసిన ఆ కాలిని నిలబెట్టింది స్క్రూలు ఒక్కటే కాదు, ఇది కూడా.

ఫోటో పంపితే డాక్టరు వెంటనే ఫోన్ చేసి, "అమ్మగారికి నా తరఫున చివాట్లు పెట్టండి, తర్వాత నమస్కారం చెప్పండి" అన్నాడు.

అత్తయ్య బల్ల దిగకుండా అక్కడి నుంచే మెడ చాచి చూస్తోంది. "ఏటే, ఇరిగిపోనాదా?"

తెర తిప్పి చూపించాను. ఆవిడ కళ్ళజోడు సరిచేసుకుని స్క్రూలు గుర్తుపట్టింది. తర్వాత ఆ మబ్బు దగ్గర వేలు పెట్టింది. "ఈ పొగేటే?"

"కొత్త ఎముక అత్తా. ఇప్పుడిప్పుడే పుట్టినాది."

"ఎవలు పెట్టినారు? డాక్టరు బాబేనా?"

"ఆయన పెట్టింది స్క్రూలే. ఇది ఎవరూ పెట్టనేదు. నువ్వే సేసినావు."

"నానేటి సేసినాను? మంచం మీద పడుకునున్నాను."

"పడుకునే సేసినావు."

ఆవిడ నా మొహం చూసింది, వేళాకోళం ఆడుతున్నానేమో అని. ఆడటం లేదని తెలిశాక మళ్ళీ తెర వైపు తిరిగింది. వేలు ఆ మబ్బు మీదే ఉంది. మెల్లగా, ఎవరైనా వింటారేమో అన్నట్టు అడిగింది.

"అయితే నా ఒంట్లో ఇంకా పుట్టేది ఉందేటే, గుంటా?"